తల తిరిగిన జిల్లా

మా జిల్లాలో పుట్టినవాళ్ళ సంగతి ఎలా ఉన్నా, పుట్టబోయేవాళ్ళకు మాత్రం క్రమశిక్షణ ఉంది. ఆ క్రమశిక్షణ నేర్పినవారు జిల్లా మాతాశిశు మిషన్ ప్రత్యేకాధికారి రామభద్రమూర్తి గారు. ఆయన ఘనకార్యాలను ఎప్పటికప్పుడు పత్రికలవాళ్ళకు రాసి పంపడం నా ఉద్యోగం. అందుచేత ఆయన ఎక్కడికి వెళితే అక్కడికి కెమెరా పట్టుకుని నేనూ వెళ్ళేవాణ్ణి.

రామభద్రమూర్తి గారు వైద్యులు కారు. అంతకు ముందు నీటిపారుదల శాఖలో ఉండేవారు. అక్కడ తూర్పుకి పోయే కాలువను పడమరకి తిప్పారు. తిప్పాక అందులో నీళ్ళు పారలేదు, కానీ తిప్పినందుకు ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. మా దగ్గరికి వచ్చిన కొత్తలోనే రాజధానిలో ఒక సదస్సుకి వెళ్ళారు. అక్కడ ఒక పెద్ద డాక్టరు తెర మీద బొమ్మలు వేసి చూపించాడట. నెలలు నిండే వేళకి కడుపులో బిడ్డ మామూలుగా తలకిందులుగా తిరుగుతుంది. తల కిందికి వస్తే కాన్పు సులువు. కొందరు పిల్లలు మాత్రం తిరగకుండా కూర్చున్నట్టే ఉండిపోతారు. వాళ్ళు ఎదురుకాళ్ళతో వస్తారు, చాలామందికి ఆపరేషన్ చేయవలసి వస్తుంది, ముందుగా కనిపెట్టి సిద్ధంగా ఉండాలి. డాక్టరు చెప్పింది ఇంతే. అందరికీ అందులో ఒక జాగ్రత్త వినిపించింది. మా అధికారికి లక్ష్యం కనిపించింది.

తిరిగి వచ్చిన మర్నాడే సమావేశం పెట్టారు.

"ఆపరేషన్లు ఎందుకు పెరుగుతున్నవి? తలలు తిరగకపోవుట చేత. తలలు ఎందుకు తిరుగుట లేదు? తిరగవలసినదిగా ఇంతవరకు ఏ ఒక్కరూ ఉత్తర్వు జారీ చేయకపోవుట చేత" అన్నారు.

జిల్లా ఆసుపత్రిలో కాన్పులు చూసే డాక్టర్ మేరీ సుగుణ లేచి నిలబడింది. "సార్, చాలామంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారు. కొందరు చివరిదాకా తిరగరు. అది ఎవరి తప్పూ కాదు."

"కొందరు అంటే ఎవరు?"

"ముందుగా చెప్పలేం సార్."

"ఏ మండలము వారు?"

"మండలాన్ని బట్టి ఉండదు సార్."

"మండలాన్ని బట్టి ఉండని సమస్య మన జిల్లాలో ఉండటానికి వీల్లేదు డాక్టరు గారూ" అని ఆయన ఫైలు మూసేశారు. మేమందరం తలలు ఊపాం.

అలా శిరోపరివర్తన మహోద్యమం మొదలైంది. బస్టాండు గోడ మీద, పశువుల ఆసుపత్రి గోడ మీద, సారా కొట్టు పక్క గోడ మీద కూడా 'తల తిరగాలి, జిల్లా వెలగాలి' అని నీలం రంగుతో రాయించారు. సారా కొట్టు దగ్గర ఆ నినాదానికి మంచి ఆదరణ లభించింది.

చివరి నెలల్లో కడుపులో బిడ్డకు బయటి చప్పుళ్ళు వినిపిస్తాయని కూడా ఆయన సదస్సులో విని వచ్చారు. వినగలిగినవాడు ఉత్తర్వు పాటించగలడు కదా అని ఆయన తర్కం. వెంటనే తన కంఠంతో ఒక సందేశం రికార్డు చేయించారు. "ప్రియమైన గర్భస్థ శిశువులారా! మీ ఆగమనమునకై ప్రభుత్వము సకల ఏర్పాట్లు గావించి యున్నది. కావున మీరు తక్షణమే అధోముఖులై, తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము అదే స్థితిలో కొనసాగవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది." నెలలు నిండుతున్న ప్రతి ఆడమనిషికీ ఒక చిన్న స్పీకరు ఇచ్చి, పొట్ట కింది భాగంలో కట్టుకోమన్నారు. గొంతు కిందనుంచి వస్తే బిడ్డ చెవి కిందికి వస్తుందనీ, చెవి వస్తే దాంతోపాటు తల రాక తప్పదనీ వివరించారు. ఆ గొంతు వినగానే బిడ్డ తన్నుతోందని చాలామంది తల్లులు ఫిర్యాదు చేశారు. దాన్ని మేం 'ఉత్సాహపూరిత స్పందన' అని పత్రికలకు పంపాం.

తలలు తిరిగాయో లేదో లెక్క తేలాలి కాబట్టి ఊరూరా తిరిగే నర్సమ్మల ఫోన్లలో ఒక యాప్ పెట్టారు. అందులో మొదట ఉన్న ప్రశ్న 'గర్భస్థ శిశువు శిరస్సు అధోముఖముగా పరివర్తన చెందినదా?' అని. అది నర్సమ్మలకే అర్థం కాలేదు, ఇక తల్లులకేం అర్థమవుతుంది? ప్రజల భాషలోకి మార్చమని పైనుంచి ఆదేశం వచ్చింది. మార్చారు. కొత్త ప్రశ్న రెండే మాటలు: 'తల తిరిగిందా?' కింద రెండు గళ్ళు, అవును, కాదు.

ఫొటోల కోసం నేను సలోమి అనే నర్సమ్మ వెంట ఒక ఊరు వెళ్ళాను. మొదటి ఇంట్లో పాలిపోయిన మొహంతో ఒక అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా, తల తిరిగిందా?" అంది సలోమి.

"తిరక్కేం చేత్తాదండీ? పొద్దున్నే చీపురుకట్ట పట్టుకుని వంగితే చాలు, గిర్రున తిరుగుద్ది."

సలోమి 'అవును' నొక్కింది.

రెండో ఇంట్లో ఆవిడ "ఆయ్, నిన్న నూతి దగ్గర తిరిగిందండి, బిందెతో సహా పడిపోయాను" అంది. సలోమి మళ్ళీ 'అవును' నొక్కింది.

"వీళ్ళు చెబుతున్నది వాళ్ళ తల సంగతి కదా? అడగవలసింది బిడ్డ తల" అన్నాను వీధిలోకి వచ్చాక.

"ఎవరి తలో అందులో అడగలేదండి. 'కాదు' నొక్కితే సంజాయిషీ రాయమంటారు, 'అవును' నొక్కితే ఏమీ అడగరు. మీరైతే ఏది నొక్కుతారండి?" అంది సలోమి. నేను ఫొటో తీసుకుని వచ్చేశాను.

ఆ నెలాఖరుకి మండలాల ర్యాంకులు వచ్చాయి. జిల్లాకి మొదటి స్థానం కొండ పక్కనున్న ఒక మండలానిది. రోడ్డు లేక అక్కడికి రక్తం పట్టే ఐరన్ మాత్రలు ఏడాదిగా చేరలేదు. ఆడవాళ్ళు గంజి తాగి బతికే మండలం అది. అక్కడ తల తిరగని మనిషి లేదు. మాత్రలు సక్రమంగా అందుతున్న పట్నం పక్క మండలాలు మాత్రం ఘోరంగా వెనకబడ్డాయి. రామభద్రమూర్తి గారు ఆ అంకెల పట్టిక ముందు చాలాసేపు కూర్చున్నారు. లేచేసరికి ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

"మాత్రలు అందిన చోట తలలు తిరుగుట లేదు. అందని చోట తిరుగుచున్నవి. ఐరన్ అనగా ఇనుము. ఇనుము బరువు. బరువెక్కిన శిశువు ఎటుల తిరుగును?" అని సమావేశంలో అడిగారు.

మేరీ సుగుణ కూర్చున్న చోటునుంచే గట్టిగా అంది: "సార్, వాళ్ళకి రక్తం లేక కళ్ళు తిరుగుతున్నాయి. మాత్రలు ఆపితే కాన్పులో చచ్చిపోతారు."

"డాక్టరు గారూ, మీ వద్ద అభిప్రాయము కలదు. నా వద్ద అంకెలు కలవు."

మాత్రల పంపిణీ 'తదుపరి సమీక్ష పర్యంతము' నిలిపివేశారు. ఇదంతా నేను నవ్వుతూ చెబుతున్నట్టు కనబడుతుందేమో. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆడవాళ్ళ ఒంట్లోకి వెళ్ళవలసిన మాత్రల పెట్టెలు గోదాములో ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద మా వాచ్‌మన్ పడుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

మాత్రలు ఆపాక ఫలితాలు దూసుకుపోయాయి. పక్షం తిరిగేలోగా జిల్లా అంతా తల తిరిగింది. ఇక మిగిలింది ఒక్క మనిషి, కొత్తలంక వీరమణి.

వీరమణి మొగుడు కొబ్బరికాయల దింపు పని చేస్తాడు. ప్రభుత్వ మాత్రలు ఆగిపోయిన రోజునుంచి ఆమె మందుల షాపులో కొనుక్కుని వేసుకుంటోంది. మునగాకు పప్పు వండుకుని తింటోంది. సలోమి ఎన్నిసార్లు వెళ్ళి అడిగినా ఒకటే జవాబు: "నాకూ తిరగట్లేదు, లోపలిదానికీ తిరగట్లేదు." ఒకే ఒక్క 'కాదు' జిల్లా మొత్తం మీద ఎర్రగా మెరుస్తూ కూర్చుంది. అది పోతే మాది దేశంలోనే తొలి 'ఎదురుకాళ్ళ రహిత జిల్లా' అవుతుంది. మంత్రిగారు స్వయంగా వచ్చి ప్రకటించడానికి ఒప్పుకున్నారు కూడా.

రామభద్రమూర్తి గారు కార్లలో పరివారంతో కొత్తలంక బయల్దేరారు. వీరమణి అత్త అచ్చియమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ఆయన కుర్చీని కోడలి పొట్టకు ఎదురుగా జరిపించుకుని కూర్చున్నారు.

"ఏమమ్మా, జిల్లా యావత్తూ సహకరించుచుండగా నీ శిశువు ఒక్కటే ఎందుకు మొండికేయుచున్నది?"

"మొండికేయడం ఏంటండీ, అదలా కూకుంది" అంది వీరమణి. "సుగుణమ్మ గారు స్కాన్ తీసి చూసి, ఆపరేషన్‌కి రోజు ఇచ్చారండి. ఆ రోజుకి నన్ను చేర్చుకుంటే చాలు. మా అక్క బిడ్డ ఇలాగే ఎదురుకాళ్ళతో వచ్చి, మెడ దగ్గర ఆగిపోయిందండి. ఇంట్లోనే. నేను పక్కనే ఉన్నాను. నా బిడ్డకి అలా అవ్వకూడదండి. నేనడిగేది అదొక్కటే."

"ఆపరేషన్ అనగా ఎదురుకాళ్ళు ఉన్నట్లు జిల్లా అంగీకరించినట్లగును" అన్నారాయన. మైకు అందుకుని పొట్టకేసి వంగారు. "చిరంజీవి గర్భస్థ శిశువునకు ప్రత్యేకాధికారి వ్రాయించి చదువుట ఏమనగా..."

వీరమణి ఉలిక్కిపడి పొత్తికడుపు పట్టుకుంది. "తన్నిందండి! ఇదిగో, ఇక్కడ కింద. తల పైనుంటేనే కదండీ కింద తన్నేది?"

"స్పందన నమోదు చేయండి" అన్నారు అధికారి. నాకేసి చూసి, "ఫొటో" అన్నారు.

వెళ్ళబోతూ ఆయన మెత్తగా ఒక మాట అన్నారు. మంత్రిగారి సభలో సామూహిక సీమంతం ఉందనీ, దానికి రాని గర్భవతులకు ఆసుపత్రి తేదీలు రద్దవుతాయనీ. తేదీ పోతుందన్న భయంతో వీరమణి వస్తానంది.

సభ కాలేజీ మైదానంలో పెట్టారు. వేదిక మీద పందిరి ఉంది, కూలర్లు ఉన్నాయి. మైదానంలో లేవు. నెలలు నిండుతున్న ఆడవాళ్ళందరినీ పూలదండలు వేసి, చేతులనిండా గాజులు తొడిగి, నినాదాల అట్టలు ఇచ్చి వరసల్లో నిలబెట్టారు. మంత్రిగారి రాక ఆలస్యమైంది. ఎండ నడినెత్తికి వచ్చింది. వీరమణిని మొదటి వరసలో, వేదిక మెట్ల పక్కన, మైకు స్టాండుకి దగ్గరగా నిలబెట్టారు. పొద్దున్నుంచీ మంచినీళ్ళు లేవు. మంత్రిగారు వచ్చి, దీపం వెలిగించి, దీపం గురించి మాట్లాడుతుండగా వీరమణి అట్ట కింద పడేసి అత్త భుజం పట్టుకుంది.

"అత్తా... తల తిరుగుతుందే..."

ఆ మాట మైకులోంచి మైదానమంతా వినిపించింది.

రామభద్రమూర్తి గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "విన్నారా సోదర సోదరీమణులారా! తిరిగినది! జిల్లాలో చిట్టచివరి తల కూడా తిరిగినది!" అన్నారు. నిజంగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు నిండాయి. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. బ్యాండు మేళం అందుకుంది. కింద మట్టిలో కూలబడ్డ కోడల్ని ఒళ్ళో పెట్టుకుని అచ్చియమ్మ "నీళ్ళు, కాసిని నీళ్ళివ్వండయ్యా" అని అరుస్తోంది. ఆ అరుపు బ్యాండులో కలిసిపోయింది. ఎవరో నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చేసరికి వేదిక మీద కేకు కోయడం కూడా అయిపోయింది.

ఆ రోజు సాయంత్రమే యాప్‌లో వీరమణి పేరు పచ్చగా మారింది. పచ్చగా మారగానే ఆపరేషన్ తేదీ దానంతటదే రద్దయింది. మాది ఎదురుకాళ్ళ రహిత జిల్లా అయింది కాబట్టి, ఆసుపత్రి కంప్యూటర్లో ఆపరేషన్‌కి కారణాల పట్టికలోంచి 'ఎదురుకాళ్ళు' అన్న మాటే తీసేశారు.

రహిత జిల్లాలో జరిగే మొదటి కాన్పుల ఫొటోలు కావాలని నన్ను జిల్లా ఆసుపత్రికి పంపారు. వారం తిరక్కుండానే, భోజనాల వేళ, కొత్తలంకనుంచి ఆటో వచ్చి ఆగింది. వీరమణికి ఉమ్మనీరు పోయింది, నొప్పులు పట్టుకున్నాయి. మేరీ సుగుణ లోపలికి తీసుకెళ్ళి చూసి, చేతి తొడుగులు తీస్తూ బయటికి వచ్చింది.

"కాలు తగులుతోంది. వెంటనే ఆపరేషన్ చేయాలి."

చేయాలంటే కంప్యూటర్ అనుమతివ్వాలి. అది ఇస్తే తప్ప మత్తు డాక్టరు రాడు, బ్లడ్ బ్యాంకులోంచి రక్తం బయటికి తీయరు. సుగుణ కారణాల పట్టిక పైకీ కిందికీ తిప్పి చూసింది. ఆవిడకు కావలసిన మాట లేదు. అధికారికి ఫోన్ చేసి, గొంతు అందరికీ వినబడేలా పెట్టింది.

"సార్, వీరమణికి ఎదురుకాళ్ళు."

"అసంభవము. ఆ శిశువు తల మంత్రివర్యుల సమక్షమున తిరిగినది."

"సార్, కాలి వేళ్ళు తగిలాయి నాకు."

"చేతులకును వేళ్ళుండును."

"మడమ కూడా ఉంది సార్!"

అటునుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. "తాము చూచుచున్నది ఏ అవయవము అన్న విషయమై త్రిసభ్య కమిటీ వేసెదను. నివేదిక వచ్చు వరకు ప్రసవము నిలుపుదల చేయండి."

సుగుణ ఫోన్ పెట్టేసింది. లోపలినుంచి వీరమణి కేక వినబడింది. "అమ్మగారో! మా అక్క బిడ్డలా అవ్వనివ్వకండమ్మా!" అచ్చియమ్మ నేల మీద కూలబడి డాక్టరు కాళ్ళు పట్టుకుంది.

సుగుణ మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. పట్టిక చిట్టచివరికి వెళ్ళింది. అక్కడ ఒక కారణం ఉంది, ఎవరో పెద్దింటి కోడలి కోసం ఎప్పుడో చేర్చినది. 'ముహూర్తం'.

నొక్కింది. తెర మీద 'శుభమస్తు' అని వచ్చి, పసుపు రంగు దీపాలు వెలిగాయి. నక్షత్రం ఏమిటని అడిగింది.

"ఇవాళ నక్షత్రం ఏంటమ్మా అచ్చియమ్మా?"

"నా నచ్చత్రం తగలడ, ఏదో ఒకటి నొక్కమ్మా, ముందు పిల్లని లోపలికి తీసుకెళ్ళు!"

సుగుణ మొదట కనబడిన అశ్విని నొక్కింది. ముహూర్తం పెట్టిన పురోహితుడి పేరు తప్పనిసరిగా నింపాలని వచ్చింది. ఆవిడ మెడలో శిలువను ఒకసారి సర్దుకుని, 'బ్రహ్మశ్రీ మేరీ సుగుణ' అని కొట్టింది. అనుమతి వచ్చేసింది. మత్తు డాక్టరు పరుగున వచ్చాడు. రక్తం సీసాలు వచ్చాయి. ప్రాణం పోతుందంటే తెరుచుకోని తలుపులు పంచాంగం పేరు చెప్పగానే బార్లా తెరుచుకున్నాయి.

ఆడపిల్ల. పొట్ట కోసి తీసినా కాళ్ళే ముందు వచ్చాయట. కాసేపు ఏడవలేదు. తలుపు ఇవతల అచ్చియమ్మ, నేను, ఆటో డ్రైవరు ముగ్గురం నిలబడ్డాం. తర్వాత ఏడ్చింది. వీరమణికి రక్తం బాగానే పోయింది కానీ తట్టుకుంది. "మందులషాపులో కొనుక్కుని మింగింది కాబట్టి సరిపోయింది. ఆ కొండ పక్క మండలం వాళ్ళెవరైనా అయితే..." అని సుగుణ మాట పూర్తి చేయకుండా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు రామభద్రమూర్తి గారు పళ్ళ బుట్టతో వార్డుకి వచ్చారు. ముందుగా సుగుణ చేతికి తాఖీదు ఇచ్చారు. ఆ దినమున అశ్విని నక్షత్రము లేకపోయినను ఉన్నట్లు చూపి, అర్హత లేకపోయినను ముహూర్తము నిర్ణయించినందుకు ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెనట. తర్వాత వీరమణి మంచం దగ్గరికి వచ్చి, రిజిస్టరులో 'శిరస్సు ముందుగా' అని స్వయంగా రాసి సంతకం పెట్టారు. వీరమణి ఆ రాతకేసి చూసింది.

"ఫొటో" అన్నారు నాకేసి తిరిగి. ఎదురుకాళ్ళ రహిత జిల్లాలో తొలి శిశువును ఎత్తుకోవడానికి మంచం మీదికి వంగారు.

వంగినవారు మళ్ళీ లేవలేదు. "అబ్బా" అన్న శబ్దం వచ్చింది. నడుం పట్టేసింది. ఇద్దరు గుమాస్తాలు చెరో పక్కా పట్టుకుని లేపబోతే చిన్నపిల్లవాడిలా అరిచారు. ఆయన అలాగే మంచం పట్టె పట్టుకుని, నేలకేసి చూస్తూ ఉండిపోయారు.

వార్డు ఆయా చీపురు పక్కన పెట్టి వచ్చింది. "దీనికి మందెందుకండీ, ఎదురుకాళ్ళతో పుట్టినోళ్ళ కాలు నడుం మీద తగిలిత్తే చాలు, ఇట్టే పోద్దండి. మా ఊళ్ళో అందరూ అదే చేత్తారు."

గుమాస్తాలు, ఆయా, పక్క మంచాల వాళ్ళు, అందరూ గుడ్డలో నిద్రపోతున్న పిల్ల పాదాలకేసి చూశారు. రామభద్రమూర్తి గారు వంగినచోటునుంచే గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా వీరమణీ... ఒక్కసారి... అనధికారికంగా..."

వీరమణి కుట్ల నొప్పితో మెల్లిగా ఒక పక్కకు ఒత్తిగిలి, గుడ్డ కిందికి లాగి, పిల్ల పాదాలు రెండూ కప్పేసింది.

"మా పిల్లకి తలే ముందొచ్చిందని మీరే రాశారు కదండీ. ఎదురుకాళ్ళోళ్ళు మీ జిల్లాలో లేరండి. పక్క జిల్లాకెళ్ళి అడగండి."